మూతలు రెండూ ఒకే వైపు

లెక్కల మాస్టారికి ఆ బళ్ళో 'సూత్రం మాస్టారు' అని పేరు. పెట్టింది పిల్లలే గానీ, ఆయన పక్కన లేనప్పుడు హెడ్‌మిస్ట్రెస్‌గారు కూడా ఆ పేరే వాడతారు. ఎవరు ఏం అడిగినా ఆయన సుద్దముక్క తీసి, "ముందు సూత్రం రాసుకో" అంటారు. ఒకసారి ఎవరో కుర్రాడు "దాహమేస్తోంది సార్" అంటే కూడా అదే అన్నారని చెప్పుకుంటారు. ఎనిమిదో తరగతికి పట్టకాల పాఠం ఆయన ఇరవై రెండేళ్ళుగా నాలుగు రోజుల్లో ముగిస్తున్నారు. మొదటి రోజు సూత్రం రాయించడం, రెండో రోజు అందులో అంకెలు వేయించడం, మూడో రోజు అప్పజెప్పించుకోవడం, నాలుగో రోజు అప్పజెప్పనివాళ్ళ సంగతి చూడడం.

ఈ ఏడాది పైనుంచి ఒక కాగితం వచ్చింది. పట్టకాల పాఠంలో పిల్లలు ముందు అట్ట మీద వల గీయాలి, కత్తిరించాలి, మడిచి డబ్బా చేయాలి. సూత్రం ఆ తర్వాతే. గురువారం మూడో పీరియడ్‌కి పర్యవేక్షకురాలు వచ్చి వెనక బెంచీలో కూర్చుని చూస్తారు.

"నేను లెక్కల మాస్టర్నా మేడమ్, అట్టపెట్టెలు చేసేవాణ్ణా?" అన్నారు మాస్టారు.

"గురువారం మూడో పీరియడ్ మీదే కదండీ. నా చేతుల్లో ఏముంది?" అని హెడ్‌మిస్ట్రెస్‌గారు తన చేతుల్లో ఉన్న ఆ కాగితం కాస్తా ఆయన చేతుల్లో పెట్టేశారు.

సరే, ఎలాగూ తప్పదు కదా అని సోమవారమే ఒకసారి చేయించి చూద్దామనుకున్నారు. పిల్లలందరికీ తలా ఒక అట్టముక్క పంచి, బోర్డు దగ్గర నిలబడ్డారు.

"డబ్బాని విప్పి నేల మీద పరిచామనుకోండి. అప్పుడు కనిపించే బొమ్మనే వల అంటారు."

"చేపలు పడతాయా సార్?" అని మధ్య బెంచీ నుంచి ఒక గొంతు.

"నోళ్ళు మూసుకుంటే లెక్కలు పడతాయి."

నాలుగు దీర్ఘచతురస్రాలు వరసగా గీశారు. అవి డబ్బా చుట్టూ ఉండే గోడలు. పైన ఒక మూత గీశారు. కింద ఇంకోటి గీయాలి. కింద చూస్తే సైన్సు టీచరు వేసిన జీర్ణవ్యవస్థ ఉంది, దాని పక్కన 'చెరపవద్దు' అని ఎర్ర సుద్దతో హెచ్చరిక ఉంది. ఆ సైన్సు టీచరుతో ఇదివరకే ఒకసారి గుండెకాయ చెరిపిన గొడవుంది. అందుకని మాస్టారు రెండో మూత కూడా పైనే గీసేశారు. మూత మూతే, ఎక్కడుంటే ఏం, వైశాల్యం మారిపోతుందా?

ముప్ఫై ఒక్క మందీ చూసి గీశారు, కత్తిరించారు, మడిచారు. ముప్ఫై ఒక్క డబ్బాలకీ పైన రెండేసి మూతలు వచ్చాయి. ఒక్కదానికీ అడుగు లేదు.

"సార్, నాది గొట్టంలా వచ్చింది."

"సార్, నా డబ్బాకి చలేసినట్టుంది. రెండు దుప్పట్లు కప్పుకుంది."

చివరి బెంచీలో ఒక పిల్ల ఉంది. ఆ పిల్లకి 'సందేహాల పుట్ట' అని పేరు పెట్టింది మాస్టారే, తర్వాత అందరికీ అది 'పుట్ట'గా మిగిలింది. పుట్ట తన డబ్బాని కంటికి ఆనించుకుని, దుర్భిణిలోంచి చూసినట్టు బోర్డు వైపు చూసింది.

"మీరు బాగా కనిపిస్తున్నారు సార్."

మాస్టారు గబగబా లెక్క వేశారు. పొడవు పది, వెడల్పు ఆరు, ఎత్తు నాలుగు. "సంపూర్ణతల వైశాల్యం రెండువందల నలభై ఎనిమిది చదరపు సెంటీమీటర్లు. చూశారా, సరిగ్గా ఉంది!"

"వైశాల్యం సరిగ్గానే ఉంది సార్," అంది పుట్ట. "డబ్బానే లేదు."

"ఎందుకు మూసుకోలేదో రేపటికి ఆలోచించుకు రండి" అన్నారాయన. జవాబు తెలియని మాస్టార్లు తరతరాలుగా వేస్తున్న ఎత్తు అది.

సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్ళయినా కడుక్కోకుండా కుక్కరు తాలూకు అట్టపెట్టె పట్టుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చున్నారు. భార్య బియ్యం ఏరుతోంది. అత్తగారు కిటికీ పక్కన కూర్చుని, కొత్త కళ్ళజోడు పెట్టుకుని తీసి, పెట్టుకుని తీసి చూసుకుంటున్నారు. కళ్ళకి పరీక్ష చేయించుకుందామని పది రోజుల క్రితం వచ్చారావిడ. ఆవిడ ఒక అట్టపెట్టెల కార్ఖానాలో ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేశారు. పెళ్ళయిన కొత్తలో భార్య ఆ ముక్క చెబితే మాస్టారు "ఓహో" అన్నారు. పదిహేడేళ్ళుగా ఆ "ఓహో" దగ్గరే ఆగి ఉన్నారు.

అత్తగారిది చెడ్డ మొహమాటం. అల్లుడితో సూటిగా మాట్లాడరు. ఆయన గజం దూరంలో ఉన్నా సరే, ఆయనకి చెప్పాల్సింది కూతురితో చెబుతారు. మాస్టారు రెండుసార్లు పెట్టె కోసి, మడిచి, విసిరేశాక ఆవిడ గొంతు సవరించుకున్నారు.

"అమ్మాయీ, అల్లుడుగారితో చెప్పు. మూతలు రెండూ ఒకే వైపున్నాయేమో చూసుకోమను."

"మీ అమ్మగారితో చెప్పు," అన్నారు మాస్టారు తలెత్తకుండా. "సూత్రం ప్రకారం అట్ట మొత్తం సరిపోయింది."

"సరిపోతుందమ్మా. చొక్కాకి చేతులు రెండూ ఒకే వైపు కుట్టినా బట్ట సరిపోతుంది. తొడుక్కోమను మరి."

భార్య ఫక్కున నవ్వింది. బియ్యం సగం నేలపాలయ్యాయి. మాస్టారు మింగలేక కక్కలేక, "అయితే ఎటు వైపు ఉండాలో అది కూడా చెప్పమను" అన్నారు.

"ఎదురెదురుగా ఉండాలని చెప్పమ్మా."

"ఎందుకో అడుగు."

"ఎందుకంటే ఏం చెప్పనే? ఇంటికి కప్పు పైనుంటుంది, నేల కిందుంటుంది..."

"మీ ఇద్దరి మధ్యా నేనేమన్నా తపాలా బంట్రోతునా?" అంటూ భార్య చేట బల్ల మీద పెట్టి లేచింది. "నేను పక్కింటికి పోతున్నా. మీరూ మీరూ మాట్లాడుకోండి. లేదా ఉత్తరాలు రాసుకోండి."

తలుపు పడింది. వంటింట్లో ఇద్దరే మిగిలారు.  అత్తగారు ఆ చేటకేసి చూస్తూ, చేటకి చెబుతున్నట్టు, "కత్తెర ఇటిస్తే ఒకటి చేసి చూపిస్తాను" అన్నారు.

ఇచ్చారు. ఆవిడ స్కేలు అడగలేదు. జానతో కొలిచారు, గోటితో గుర్తు పెట్టారు, స్పూను తిరగేసి దాని కాడతో గీత వెంట గట్టిగా రుద్దారు.

"అట్టకి ముందే దారి చూపించాలండీ. లేకపోతే అది తనకి తోచినచోట విరుగుతుంది. అట్టయినా, పిల్లలైనా..." మూడోది ఏదో అనబోయి మింగేసుకున్నారు.

రెండు నిమిషాల్లో డబ్బా నిలబడింది. ఆవిడ దాన్ని మళ్ళీ విప్పి పరిచారు, మళ్ళీ నిలబెట్టారు. విప్పితే వల, మడిస్తే డబ్బా. మాస్టారు పసిపిల్లాడిలా దాన్నే చూస్తూ ఉండిపోయారు.

"అన్ని పక్కలూ సమానంగా ఉన్న డబ్బా ఉంటుంది చూడండీ, పాచికలాంటిది," అన్నారావిడ. నెమ్మదిగా మొహమాటం వదులుతోంది. "దాన్ని పదకొండు రకాలుగా విప్పొచ్చు. పన్నెండో రకం ఎవరు చూపించినా వాళ్ళ పని తను చేస్తానని మా మేస్త్రీ పందెం కట్టాడు. ఆరు నెలలు చూశాం, ఎవరికీ దొరకలేదు."

మాస్టారు అనుమానంగా లోపలికెళ్ళి ఒక లావుపాటి పుస్తకం తిరగేశారు. అందులోనూ పదకొండే ఉన్నాయి. పుస్తకం మూసేసి, వచ్చి మళ్ళీ కూర్చుని, ఈసారి ఆయనే అడిగారు. "మరి త్రిభుజం డబ్బా, అత్తయ్యా? పట్టకం అంటాం. గుడారంలా ఉంటుంది."

"గుడారంలాంటి పెట్టెనా? అది ఇంకా తేలిక." ఆవిడ మూడు గోడలూ పక్కపక్కనే గీశారు. ఒకే పొడుగాటి పట్టీలా వచ్చింది. "ఇదిగో, ఈ పట్టీ త్రిభుజం నడుముకి చుట్టాలి. అందుకని త్రిభుజం చుట్టూ ఎంతుందో పట్టీ పొడుగు అంతుండాలి. తక్కువైతే నడుము కనిపిస్తుంది, ఎక్కువైతే జారిపోతుంది. చుట్టేశాక పైన ఒక టోపీ, కింద ఒక టోపీ. అంతే."

మాస్టారి చేతిలో పెన్సిలు ఆగిపోయింది. పక్కతల వైశాల్యం ఈజ్ ఈక్వల్ టు భూమి చుట్టుకొలత ఇంటూ ఎత్తు. ఇరవై రెండేళ్ళు, ఏడాదికి రెండు సెక్షన్లు, ఎన్ని వందల మందిచేత అప్పజెప్పించారో. చుట్టుకొలత అందులోకి ఎందుకొచ్చిందని ఎవరూ అడగలేదు. అడిగినవాళ్ళని ముందు రాసుకోమన్నారు. ఇప్పుడది తన వంటింటి బల్ల మీద, బియ్యపు గింజల మధ్య, అట్ట పట్టీ అయి పడుకుని ఉంది.

"ఏమైందండీ? తప్పుగా చెప్పానా?" అన్నారు అత్తగారు కంగారుగా.

"లేదత్తయ్యా. తప్పు మీది కాదు."

మంగళ, బుధవారాలు సాయంత్రం ఇద్దరూ బల్ల దగ్గరే ఉన్నారు. పిల్లలు మడవడానికి వీలుగా ముప్ఫై ఒక్క త్రిభుజపు వలలు అత్తగారు అట్ట మీద గీసి, గీతలు రుద్ది పెట్టారు. మాస్టారు కత్తిరించడానికి సాయం చేయబోతే, ఒకటి చేయనిచ్చి, చూసి, "మీరు లెక్కపెట్టండి చాలు" అన్నారు. ఆయన లెక్కపెట్టారు. ముప్ఫై ఒకటి. సంచీలో సర్ది తలుపు పక్కన పెట్టారు.

గురువారం పొద్దున్నే ఆ సంచీ తీసుకుని బడికెళ్ళారు.

మూడో పీరియడ్. పర్యవేక్షకురాలు వెనక బెంచీలో, పుట్ట పక్కనే కూర్చుని, పెద్ద నోటుబుక్కు తెరిచారు. నవ్వని మనిషి. పెన్ను మూత తీసిన చప్పుడు బోర్డు దాకా వినిపించింది. హెడ్‌మిస్ట్రెస్‌గారు తలుపు దగ్గర నిలబడ్డారు.

"ఈరోజు," అన్నారు మాస్టారు ఎంతో ఠీవిగా, "సూత్రం లేదు."

తరగతిలో కలకలం రేగింది. ముందు బెంచీ కుర్రాడు ఆయనకి ఒంట్లో బాగుందా అన్నట్టు చూశాడు.

"ఈరోజు మనం చేత్తో తెలుసుకుంటాం," అని సంచీలో చెయ్యి పెట్టి, బయటికి తీశారు. దిండు గలీబు వచ్చింది. నీలం పువ్వులది.

ఇంకోసారి చెయ్యి పెట్టారు. ఇంకో గలీబు. దాని కింద దుప్పటి. అడుగున ఇస్త్రీ కొట్టు చీటీ. తలుపు పక్కన రెండు సంచీలున్నాయన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

ముప్ఫై ఒక్క జతల కళ్ళూ గలీబు మీద ఉన్నాయి. పర్యవేక్షకురాలి పెన్ను గాల్లో ఆగింది.  కానీ ఇరవై రెండేళ్ళ అనుభవం అంటే ఊరికే పోతుందా?

"ఇది... ఇది కూడా ఒక ఉపరితలమే," అన్నారు గలీబుని రెండు చేతులా పైకెత్తి. "దిండు ఎంత ఉందో... దాన్ని కప్పడానికి ఎంత బట్ట కావాలో... అదీ సంగతి. దీన్ని విప్పితే ఏమొస్తుంది?"

"దూది సార్" అన్నాడు మధ్య బెంచీవాడు.

"దిండుని కాదురా, గలీబుని!"

"దిండు పట్టకమా సార్?" అంది పుట్ట.

"కాదు. పట్టకం... కాని దానికి ఉదాహరణ."

పర్యవేక్షకురాలు ఏదో రాసుకున్నారు. చాలాసేపే రాసుకున్నారు. హెడ్‌మిస్ట్రెస్‌గారు కళ్ళు మూసుకున్నారు.

సరిగ్గా అప్పుడే తలుపు దగ్గర, హెడ్‌మిస్ట్రెస్‌గారి భుజం వెనకనుంచి ఎవరో దగ్గారు. అత్తగారు. జుట్టు చెదిరి ఉంది, కళ్ళజోడు ముక్కు చివరికి జారింది, చేతిలో అసలు సంచీ ఉంది. బస్సు దొరక్క సగం దూరం నడిచొచ్చారు. లోపల మాస్టారు గలీబు పట్టుకుని జెండాలా నిలబడి ఉన్నారు. ఆవిడకి వెంటనే అర్థమైంది. ముందు బెంచీ కుర్రాడి వైపు వంగి, "బాబూ, మీ సారుగారితో చెప్పు, అవి ఇస్త్రీవాడివి. ఆయనవి ఇవి" అన్నారు.

బెంచీలు విరిగిపోతాయేమో అన్నట్టు నవ్వారు పిల్లలు. పర్యవేక్షకురాలు నవ్వలేదు గానీ, పక్కకి జరిగి, "కూర్చోండమ్మా, ఆయాసపడుతున్నారు" అని తన బెంచీలోనే చోటిచ్చారు.

ఆ తర్వాత పాఠం బండి పట్టాలెక్కింది. ముప్ఫై ఒక్క వలలూ పంచారు. త్రిభుజం భుజాలు మూడు, నాలుగు, అయిదు. ఎత్తు పది. మాస్టారు పట్టీ చూపించారు, నడుము చూపించారు, టోపీలు చూపించారు. చుట్టూ పన్నెండు, ఎత్తు పది, పట్టీ నూట ఇరవై. టోపీ ఒక్కోటి ఆరు. మొత్తం నూట ముప్ఫై రెండు. బోర్డు మీద సూత్రం రాయకుండానే పిల్లలే చెప్పేశారు.  ఇంతలో చివరి బెంచీలో ఒక చెయ్యి లేచింది.

"సార్, నేను అట్ట మొత్తం కొలిచాను. నూట యాభై పైన వస్తోంది."

"రాదు. మళ్ళీ కొలువు."

"మూడుసార్లు కొలిచాను సార్. ఈ అంచులకి చిన్న చిన్న ముక్కలున్నాయి. అయిదు. వీటిని కలపాలా, వద్దా?"

మాస్టారు చేతిలో వలని అప్పుడు పరీక్షగా చూశారు. నిజమే. జిగురు రాసి అతికించడానికి అత్తగారు అయిదు సన్నటి పట్టీలు వదిలారు. రెండు రోజులు పక్కనే కూర్చుని లెక్కపెట్టిన మనిషి అంకె చూశారు గానీ అట్ట చూడలేదు. సూత్రం ఒకటి చెబుతోంది, అట్ట ఇంకోటి చెబుతోంది. తరగతంతా ఆయన వైపే చూస్తోంది. "రేపటికి ఆలోచించుకు రండి" అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది.

"నాకు తెలీదమ్మా," అన్నారు. ఆ మాట ఆ గదిలో ఆయన నోట రావడం అదే మొదలు. "అవి పెట్టినావిడ నీ పక్కనే ఉన్నారు. ఆవిణ్ణే అడుగుదాం."

అత్తగారు బెంచీ కిందకి దూరిపోయేలా ముడుచుకున్నారు. పర్యవేక్షకురాలు మోచేత్తో మెల్లగా పొడిచారు. "చెప్పండమ్మా. నాకూ తెలుసుకోవాలనుంది."

ఆవిడ లేచి నిలబడ్డారు. బోర్డు దగ్గరికి రానన్నారు. అక్కడే, పుట్ట చేతిలో వల తీసుకుని, "వీటిని చెవులంటాం" అన్నారు.

"చెవులా!"

"గోడలకే చెవులుంటాయంటారు, పెట్టెలకుంటే తప్పేమిటి?" పిల్లలు నవ్వేసరికి ఆవిడకి గొంతు పెగిలింది. "ఇదిగో, మడిచాక ఇవి లోపలికెళ్ళిపోతాయి. బయటినుంచి ఒక్కటీ కనిపించదు. పెట్టెకి రంగు వేయాలంటే మీ సారుగారు చెప్పిన నూట ముప్ఫై రెండే. కానీ పెట్టె చేయాలంటే మాత్రం ఇవి లేకుండా నిలబడదు. కొత్తగా వచ్చిన పిల్లలు మొదటిరోజు చెవులు కోసేసేవాళ్ళు, అందంగా లేవని. సాయంత్రానికి పెట్టెలన్నీ పువ్వుల్లా విచ్చుకునేవి. మా మేస్త్రీ వాళ్ళ చెవులు పట్టుకునేవాడు."

"అంటే పరీక్షలో కలపకూడదు?" అంది పుట్ట.

"పరీక్షలో కలపకు. అట్ట కొనేటప్పుడు మర్చిపోకు."

పుట్ట రాసుకుంది. పక్కన పర్యవేక్షకురాలు కూడా రాసుకున్నారు.

బెల్లు కొట్టాక పిల్లలు అత్తగారి చుట్టూ మూగారు. పదకొండు రకాల సంగతి బయటికొచ్చింది, పన్నెండోది కనిపెడతామని అప్పుడే నలుగురు పందానికి దిగారు. అందరూ వెళ్ళాక పర్యవేక్షకురాలు అడిగారు. "మీరేం చదువుకున్నారమ్మా?"

"ఏడు పాసయ్యానండీ. ఎనిమిదిలో లెక్కలు పోయాయి. ఇంట్లో మాన్పించి పనిలో పెట్టారు."

"లెక్కలా! మీకా?"

"పరీక్షలో ఇలాంటి పెట్టె లెక్కే ఇచ్చారండీ. సూత్రం గుర్తు రాలేదు." ఆవిడ దాన్ని ఏమంత పెద్ద విషయంగా చెప్పలేదు. "గుర్తుంటే పాసయ్యేదాన్నేమో. తర్వాత కార్ఖానాలో చేరాక, ఓహో ఇదా అనుకున్నాను."

మాస్టారు అక్కడే బోర్డు తుడుస్తున్నారు. డస్టరు ఎటు పోతోందో చూసుకోకుండా తుడుస్తూనే ఉండిపోయారు. నాలుగో రోజు 'సంగతి చూసిన' పిల్లలు కొందరు గుర్తొచ్చారు. మొహాలు గుర్తున్నాయి, ఏమయ్యారో తెలీదు. తర్వాత తేరుకుని చూస్తే, జీర్ణవ్యవస్థలో సగం చెరిగిపోయి ఉంది. పేగులు లేవు.

సైన్సు టీచరు పెట్టిన కేకలు మధ్యాహ్నం దాకా సాగాయి. మాస్టారు ఒక్క మాట కూడా తిరిగి అనలేదు. అది చూసి అందరూ ఆశ్చర్యపోయారు.

పర్యవేక్షకురాలి నివేదిక శనివారం వచ్చింది. హెడ్‌మిస్ట్రెస్‌గారు గదిలోకి పిలిచి చదివి వినిపించారు. "మొదటి పది నిమిషాలు పాఠం దిండు గలీబుల మీద ఎందుకు నడిచిందో స్పష్టంగా తెలియలేదు. ఉపాధ్యాయుడు తనకు తెలియనిదాన్ని తెలియదని చెప్పారు. ఈ జిల్లాలో నేను ఇది చూడడం ఇదే ప్రథమం. మిగతా పాఠం ఆయన అత్తగారు బాగా చెప్పారు. ఆవిడ చేత మిగిలిన ఉపాధ్యాయులకు కూడా ఒకరోజు తరగతి పెట్టించవలసింది."

"పెట్టిద్దామా మాస్టారూ?" అన్నారు హెడ్‌మిస్ట్రెస్‌గారు, నవ్వాపుకుంటూ.

"నన్నడిగితే ఎలా మేడమ్? ఆవిణ్ణి అడగాలి."

అడిగితే అత్తగారు ససేమిరా అన్నారు. ఏడో తరగతి మనిషిని, మాస్టార్లకి నేను చెప్పడమేమిటి, నలుగురూ నవ్విపోతారు అన్నారు. పైగా ఆదివారం ఊరికి బయల్దేరుతున్నారు, టిక్కెట్టు కూడా కొన్నారు. మాస్టారు వాదించలేదు. కుర్చీ లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చున్నారు.

"అత్తయ్యా, ఆరు భుజాల పెట్టె ఉంటుందా?"

"ఎందుకుండదు? తేనె సీసాలకి మేం చేసేవాళ్ళం."

"దాని నడుము పట్టీ ఎలా వేస్తారు?"

ఆవిడ చెప్పడం మొదలుపెట్టారు. భార్య తలుపు సందులోంచి చూసి, లోపలికి రాకుండా వెళ్ళిపోయింది. కత్తెరొచ్చింది, స్పూనొచ్చింది, ఇంట్లో మిగిలిన అట్టపెట్టెలన్నీ ఒక్కొక్కటే వచ్చాయి. చీకటి పడేసరికి బల్ల మీద ఆరు పలకల పెట్టెలు మూడు నిలబడ్డాయి. రెండు ఆవిడవి. మూడోది కాస్త వంకరగా ఉన్నా, మాస్టారిదే.

మర్నాడు పొద్దున్నే ఆయన బస్‌స్టాండుకెళ్ళి కిటికీ దగ్గర వరసలో నిలబడ్డారు. అత్తగారు ఆ రోజు ఎక్కాల్సిన బస్సు టిక్కెట్టుని రెండు వారాల తర్వాతికి మార్చమన్నారు.

"ఎవరికైనా ఒంట్లో బాగాలేదా?" అన్నాడు లోపలి గుమాస్తా, కాగితం మీద కారణం రాయాల్సిన గడి చూపిస్తూ.

"అదేం లేదండీ," అన్నారు మాస్టారు. "నాకు పాఠం ఇంకా పూర్తవలేదు."